తొమ్మిది ఆంపులు

20 సెప్టెంబర్ 2011, మంగళవారం

బస్సులు ఆగి రెండో రోజు. పాలు తెస్తానని చెప్పి చైతన్యపురి నుంచి దిల్‌సుఖ్‌నగర్ డిపో దాకా నడిచి వచ్చాను. ఇక్కడే పుట్టాను, ఇరవై రెండేళ్ళు, అయినా ఈ రోడ్డు ఇంత వెడల్పుందని నాకు తెలియదు. ఎప్పుడూ దాని మీద ఏదో ఒకటి ఉండేది. ఈ రోజు తారు మీద తెల్ల గీతలు కనబడ్డాయి. ఒక పెద్దాయన సరిగ్గా రోడ్డు మధ్యలో ఆగి, వంగి, చెప్పు బద్దీ సరిచేసుకున్నాడు. తొందరేమీ లేకుండా. చూస్తూ నిలబడిపోయాను.

ఎం.ఎస్సీలో సీటొచ్చింది గానీ యూనివర్సిటీ మూత. ఎప్పుడు తెరుస్తారో తెలంగాణ కోసం సమ్మె చేస్తున్నవాళ్ళకీ తెలియదు. నాన్న ఆఫీసు నడుస్తోంది, నడవట్లేదు. విజయవాడ పిన్ని రోజూ ఫోన్ చేసి వచ్చేయమంటుంది. అమ్మ, "ఎక్కడికొస్తామే, మా ఇల్లిక్కడుంటే" అని పెట్టేస్తుంది. పెట్టేశాక కాసేపు ఫోన్ దగ్గరే ఉంటుంది.

మధ్యాహ్నం కరెంటు కోతలో ఏం చేయాలో తోచక, కోఠీలో కొన్న మల్టీమీటరు తీశాను. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పిన్నులకు ఆనించాను. 53 ఓములు. కాగితం మీద లెక్క వేశాను: ఓల్టేజిని ఓల్టేజితో హెచ్చవేసి ఆ 53తో భాగిస్తే వాట్లు. 230 × 230, భాగించు 53. వచ్చింది 998.

పెట్టె తిరగేసి చూశాను. వెనక రేకు మీద 1000 W.

పరీక్షల్లో వందసార్లు చేసిన లెక్కే. కానీ కరెంటు లేని ఇంట్లో, చల్లగా పడి ఉన్న ఇస్త్రీ పెట్టె, తాను కాలితే ఎంత తింటుందో ముందే చెప్పేసింది. చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఎవరికైనా చెబుదామని చూస్తే అమ్మ నిద్రపోతోంది.

21 సెప్టెంబర్

గీజర్ 26.5 ఓములు. లెక్కలో 1996, రేకు మీద 2000. మిక్సీ ఒక్కటే సరిపోలేదు. అయిదు వందల వాట్లదానికి రెండున్నర వేలు వచ్చింది. పిన్ను సరిగ్గా ఆననట్టుంది.

23 సెప్టెంబర్, శుక్రవారం

బోరు మోటారు మళ్ళీ ఆగింది. ఎనిమిది ఫ్లాట్లకీ అదొక్కటే, ఒకటిన్నర హార్స్ పవర్. ఈ నెల మొదట్లో కాలిపోతే భిక్షపతి పైకి లాగించి, షాపులో కొత్త తీగ చుట్టి తెచ్చి దించాడు. అప్పటి నుంచి ఒక పూట ఆడుతుంది, ఒక పూట బటన్ నొక్కగానే బొయ్యిమని మూలిగి స్టార్టర్ డబ్బా ట్రిప్పవుతుంది. మళ్ళీ నొక్కుతారు. మళ్ళీ మూలుగు.

భిక్షపతికి ఎల్బీనగర్ చౌరస్తా వెనక సందులో వైండింగ్ షాపు. నల్గొండ పక్క ఊరు. పదకొండేళ్ళుగా మా లైన్లో ఎనిమిది అపార్ట్‌మెంట్ల మోటార్లూ ఆయన చేతిలోనే ఉన్నాయి. ఈ మధ్య పొద్దుటిపూట చౌరస్తాలో సమ్మె శిబిరంలో కూర్చుంటున్నాడు. అది అందరికీ తెలుసు, మొన్నటిదాకా ఎవరికీ పట్టలేదు.

సాయంత్రం 302 భానుమూర్తి గారు నాన్న దగ్గరకొచ్చి కూర్చున్నారు. నాన్న అపార్ట్‌మెంట్ సెక్రటరీ గనక అందరూ కూర్చునేది మా సోఫాలోనే. మోటారు సంగతి మొదలెట్టి శిబిరం సంగతిలోకి వెళ్ళారు. కొత్తగా చుట్టిన మోటారు ఇన్నిసార్లు ఎందుకు ఆగుతుందో ఆలోచించమన్నారు. నాన్న ఆలోచించకుండానే తల ఊపారు. తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు. ఫిజిక్స్ చదివిందిగా, మీటరుందిగా, చూడమనండి మనమ్మాయిని.

ఇంట్లో నా చదువు గుర్తుకు రావడం ఇదే మొదటిసారి. ఆ సంగతి ఇక్కడ రాసుకోవడానికి సిగ్గెందుకు.

25 సెప్టెంబర్, ఆదివారం

చూశాను. కోత టైములో సెల్లార్‌లోకి దిగి, మెయిన్ తీయించి, మోటారుకు పోయే రెండు వైర్ల మధ్య మీటరు పెట్టాను. 2.3 ఓములు. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే.

230ని 2.3తో భాగిస్తే నూరు. నూరు ఆంపియర్లు. దాన్ని 230తో హెచ్చవేస్తే ఇరవై మూడు వేల వాట్లు. ఒకటిన్నర హార్స్ పవరంటే పదకొండు వందల చిల్లర. ఇరవై రెట్లు. సెల్లార్‌లో టార్చి వెలుతురులో ఆ అంకెను మళ్ళీ వేసి చూశాను. ఇంత తేడా ఇన్నాళ్ళు మా కాళ్ళ కిందే ఉందా అనిపించింది. తీగ చుట్లు తగ్గితే రెసిస్టెన్స్ తగ్గుతుంది. అంటే చుట్లు తక్కువ వేశారు. ఇంకేముంది.

మీటింగ్‌కి ఏడుగురొచ్చారు. నేను రాసిన కాగితం నాన్న చదివారు. చదువుతుంటే గొంతు కాస్త గట్టిపడింది, అది నా మీద గర్వమని నాకు తెలుసు. "లెక్క ప్రకారం ఈ మోటారుకు తీగ చుట్లు తక్కువ వేసినట్టు తేలుతోంది" అన్నది నా చివరి వాక్యం. భానుమూర్తి గారు పెన్ను తీసి "తక్కువ" ముందు ఒక మాట ఇరికించారు. "ఉద్దేశపూర్వకంగా."

నేను చూశాను. కింద నా సంతకం అప్పటికే ఉంది. ఆ మాట పడ్డాక వాక్యానికి బరువొచ్చిందని కూడా అనిపించింది.

భిక్షపతిని ఇక గేటు లోపలికి రానివ్వొద్దని, మోటారు వేరే షాపుకిచ్చి మళ్ళీ చుట్టించాలని తీర్మానం.

26 సెప్టెంబర్

భానుమూర్తి గారు కాగితాన్ని జిరాక్స్ తీయించి లైన్లో మిగతా ఏడు అపార్ట్‌మెంట్లకీ పంచారు. అందరూ జాగ్రత్తపడాలి కదా అన్నారు. ఏడు కాగితాల మీద నా సంతకం.

27 సెప్టెంబర్

భిక్షపతి వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ జానయ్య ఆపాడు. ఇద్దరిదీ ఒకే తాలూకా, ఎప్పుడొచ్చినా ముందు ఇద్దరూ బీడీ ముట్టించుకునేవారు. ఈ రోజు జానయ్య గేటు గడియ పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

నేను బాల్కనీలో బట్టలు తీస్తున్నాను, నాన్న పక్కనే ఉన్నారు. భిక్షపతి అరవలేదు. పైకి చూసి నాన్నతో మామూలు గొంతుతోనే అన్నాడు. "నడిచేటప్పుడు ఒక్కపారి టాంగ్ పెట్టి చూడున్రి సార్. అటెనుక మీరేమన్నా నేను పడతా."

టాంగ్ అంటే పటకారులాంటి మీటరు. దవడ తెరిచి వైరు చుట్టూ వేస్తే లోపల పారే కరెంటు ఎంతో చూపిస్తుంది. నాన్న లోపలికొచ్చి తలుపేశారు.

ఇంకో రెండు అపార్ట్‌మెంట్లు కూడా ఆయన్ని రావద్దన్నాయని జానయ్య చెప్పాడు. నాకు కాదు, అమ్మకు. నేను వింటున్నానని తెలిసి చెప్పాడు.

28 సెప్టెంబర్

స్టార్టర్ డబ్బాలో బ్రేకర్ మీద 20 అని ఉంది. ఇరవై ఆంపియర్లు దాటి కాసేపుంటే పడిపోవాలి. మోటారు నూరు లాగేదైతే ఒక్క నిమిషం కూడా నడవకూడదు.

పడిపోతూనే ఉందిగా.

కానీ పోయిన బుధవారం నలభై నిమిషాలు ఆడి ట్యాంకు నిండింది. పొంగి పారింది కూడా. మూడో అంతస్తు నుంచి నేనే అరిచి ఆపించాను.

బ్రేకర్ పాతది కావచ్చు.

29 సెప్టెంబర్, గురువారం

ఎల్బీనగర్ వెళ్ళాను. మిక్సీ బాగు చేయించాలని సంచిలో పెట్టుకున్నాను, అది బాగానే ఉంది. ఆటోవాళ్ళు ఎంత అడుగుతారో అని నడిచే వెళ్ళాను, కొత్తపేట మీదుగా. చౌరస్తాలో శిబిరం దగ్గర టీచర్లు పిల్లలకు రోడ్డు మీదే పాఠం చెబుతున్నారు. పలక మీద కూడికలు. పక్కన గ్యాస్ పొయ్యి, పెద్ద గంజులో అన్నం. ఇంత పెద్ద ఊరు పని మానేసి కూర్చోవడం ఎలా ఉంటుందో అక్కడ నిలబడితే తెలుస్తుంది. మనిషి ఎత్తు గోడ కట్టినట్టుంటుంది, చప్పుడు లేకుండా.

షాపులో భిక్షపతి లేడు. ఆయన భార్య ఉంది, అండాలమ్మ. నేనెప్పుడూ చూడలేదు. కింద పీట మీద కూర్చుని చెక్క అచ్చుకు రాగి తీగ చుడుతోంది. కుడిచేయి తిరుగుతోంది, ఎడమచేతి వేళ్ళ మధ్య నుంచి తీగ వెళ్తోంది, పెదాలు కదులుతున్నాయి. పలకరించాను. తల ఎత్తలేదు. చేయి ఆగలేదు. నేను ఇంకోసారి పిలవబోయి మానేశాను. ఎంతసేపో. చుట్టు పక్కన చుట్టు, ఒక్కటీ మరోదాని మీదికి ఎక్కకుండా, దువ్వినట్టు. చివరికి "అరవై నాలుగు" అని పైకే అని, తీగ తుంచి, అప్పుడు నా వంక చూసింది.

"మధ్యల మాట్లాడితే మల్ల మొదటికెల్లి చుట్టాలె బిడ్డా. ఏం గావాలె?"

మిక్సీ అన్నాను. కూర్చోమంది. ఊరికే కూర్చోలేక అడిగాను, ఎన్ని చుట్లు చుట్టాలో ఎలా తెలుస్తుందని. కాలిన మోటారు నుంచి పాత తీగ కోసి తీస్తారట, ఒక్కో చుట్టూ లెక్కపెడతారట, ఎన్నుంటే అన్ని. తీగ మందం కూడా కొలిచి అంతే మందం. రాసుకోవడానికి ఒక పొడుగు నోటుబుక్కు ఉంది, పసుపు బొట్టు పెట్టినది. ఆ పుస్తకంలో మా అపార్ట్‌మెంట్ పేరు చూశాను. ఎదురుగా అంకెలు, పాతవి ఒక గడిలో, కొత్తవి ఒక గడిలో. రెండూ ఒకటే, అరవై నాలుగు.

"ఎవరు చుట్టారక్కా ఇది?"

"నేనే. ఈ మిషిన్లన్నీ ఆయన ఇప్పుతడు, బిగిస్తడు. తీగ నాది."

కాగితంలో "చుట్లు తక్కువ వేసినట్టు" అని రాసినప్పుడు నా మనసులో ఉన్నది భిక్షపతి. ఆ వేళ్ళు కాదు. ఇంకో పదినిమిషాలు నేనేం మాట్లాడానో గుర్తులేదు.

భిక్షపతి శిబిరం నుంచి వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు. గుర్తుపట్టాడు. అండాలమ్మతో, సెక్రటరీ సార్ బిడ్డ అన్నాడు, లెక్క చేసింది ఈమెనే. ఆమె నన్ను తేరిపార చూసి తర్వాత అచ్చు అందుకుంది. కొత్త చుట్టు మొదలెట్టలేదు.

నా సంచి కేసి చేయి చాపాడు. "మీటర్ తెచ్చినవా? తే."

అల్మరా నుంచి వంద వాట్ల బల్బు తీశాడు. కొలవమన్నాడు. 40 ఓములు. లెక్క చెప్పమన్నాడు. 230 × 230 భాగించు 40. పదమూడు వందల ఇరవై రెండు వాట్లు. చెప్పాను. బల్బు మీద 100 అని అచ్చేసి ఉంది.

తర్వాత ఆయన చేసినది నేను ఎన్నాళ్ళయినా మరచిపోను. బల్బు వైరును టాంగ్ దవడ చుట్టూ పదిసార్లు తిప్పాడు. బల్బు చిన్నది, ఒక్క వైరుతో అంకె సరిగ్గా రాదు, పదిసార్లు తిప్పితే పదింతలు చూపిస్తుంది, పదితో భాగించుకోవాలి. స్విచ్చి వేశాడు. వెలిగింది. టాంగ్ మీద 4.2. అంటే 0.42 ఆంపియర్లు. నా మీటరు ప్లగ్గులో పెట్టి ఓల్టేజి చూడమన్నాడు. 210.

"ఇప్పుడు భాగించు."

210 భాగించు 0.42. అయిదు వందలు.

నలభై ఓముల తీగ అయిదు వందల ఓములయింది. అదే తీగ. నా కళ్ళముందే. స్విచ్చి వేసిన రెప్పపాటులో అది తెల్లగా కాగి, పన్నెండింతలు ఎదురు తిరిగింది. 210ని 0.42తో హెచ్చవేశాను, ఎనభై ఎనిమిది. ఓల్టేజి తక్కువుంది గనక వందకు ఆ మాత్రం తగ్గాలి. అంతా సరిపోయింది. సూత్రం తప్పలేదు, ఎక్కడా, ఇసుమంతైనా. నేను దాన్ని బల్బు ఆరిపోయి ఉన్నప్పుడు అడిగాను.

ఇస్త్రీ పెట్టె తీగ వేరే రకమట, కాగినా పెద్దగా మారదు. అందుకే నాకు మొదటిరోజే అంత సరిగ్గా వచ్చింది. నా ఖర్మ కొద్దీ సరిగ్గా వచ్చింది.

"నిద్రల ఉన్నోని చెయ్యి పట్టి చూసి, ఈడు ఎంత బరువు మోస్తడో రాసినవ్ నువ్వు" అన్నాడు భిక్షపతి. కోపంగా లేదు. అలసటగా ఉంది. "మోటార్ బల్బు గూడ గాదు. దాంట్ల రాగి చల్లగున్నా వేడిగున్నా రొండు మూడు ఓములే. కానీ కరెంట్ పారంగనే ఆ చుట్టలనే ఎదురు ఓల్టేజి పుడ్తది. తిరిగితే ఇంకా ఎక్కువ పుడ్తది. ఆ ఎదురును దాటుకొని లోపటికి వచ్చేది తొమ్మిది, పది ఆంపులే. తిరగకుండ ఆగిందనుకో, ఎదురు తగ్గుతది, నలభై లాగుతది. ఐ.టీ.ఐల మాకు ఇది చెప్పిన్రు. బి.ఎస్సీల ఇంపీడెన్స్ చెప్పలేదా?"

చెప్పారు. సెకండియర్. ఆ పేపర్లో నాకు ఎనభై ఏడు వచ్చాయి.

మిక్సీలో కూడా మోటారే కదా. ఇరవై ఒకటో తారీఖునే అది నాకు చెప్పింది. పిన్ను ఆనలేదని రాసుకున్నాను.

మళ్ళీ నడిచి వచ్చాను. దారిలో ప్రతి ఇంటి సెల్లార్ వైపూ చూశాను. ప్రతి ఇంటి కింద ఒక తీగచుట్ట, తనను కాల్చబోయే కరెంటును తానే ఆపుకుంటూ తిరుగుతోంది. కోట్ల చుట్లు, ఎవరో లెక్కపెట్టినవి. దీని మీద ఇల్లు కట్టుకుని, నీళ్ళు తాగి, స్నానం చేసి, నాకు తెలుసనుకుంటూ బతికాను.

తప్పు నాదని వాళ్ళతో చెప్పలేదు. చెప్పే లోపే కరెంటు పోయింది, చీకటయింది, వచ్చేశాను. చీకటి అంతగా ఏమీ లేదు. మధ్యాహ్నం మూడు.

30 సెప్టెంబర్

నాన్నకు చెప్పాను. బల్బు సంగతి, బ్రేకర్ సంగతి, అన్నీ. ఆయనకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా, ఇప్పుడు మాట మారిస్తే మనం భయపడ్డామనుకుంటారు, రోజులు బాగాలేవు అన్నారు.

వంటింట్లోంచి అమ్మ అంది: "భయపడే కదండీ రాసింది."

1 అక్టోబర్

కింద పిల్లలు బతుకమ్మకు తంగేడు పూలు పేర్చుకుంటున్నారు. నీళ్ళ ట్యాంకర్ రాలేదు. ఫ్లాటుకు నాలుగు బిందెలని పంచుకున్నాం. సోమవారం వేరే షాపువాళ్ళు వచ్చి మోటారు లాగుతారట. లాగి, తీగ కోసేస్తారు. కోసేస్తే ఇక ఎవరూ ఏమీ రుజువు చేయలేరు. భిక్షపతి పేరు అలాగే ఉండిపోతుంది, నా కాగితం మీద రాసినట్టు.

2 అక్టోబర్, ఆదివారం

పొద్దున్నే వెళ్ళి పిలిచాను. భిక్షపతి రానన్నాడు. గేటు కాడ ఆపిన ఇంటికి రాడట. టాంగ్ నా చేతికిచ్చి, నువ్వే పెట్టి చూపించమన్నాడు. అండాలమ్మ పీట మీద నుంచి లేచింది. కొంగు దోపుకుంది. తీగ తనదని, తను వస్తానంది.

గేటు దగ్గర జానయ్యకు చెప్పాను, తీర్మానం భిక్షపతి మీద, ఈమె మీద కాదని. గడియ అప్పటికే తీసి ఉంది.

పదకొండున్నరకు అందరినీ సెల్లార్‌లోకి పిలిచాను. నాన్న చివరి మెట్టు మీదే ఆగిపోయారు. భానుమూర్తి గారు ముందుకొచ్చి నిలబడ్డారు, నా మీద ఆయనకు ఇంకా నమ్మకమే. పన్నెండుకు కరెంటొచ్చింది. రాగానే మామూలుగా ఆయన చేయి పచ్చ బటన్ మీదికి వెళ్ళింది. ఒక్క క్షణం ఆగమన్నాను. మీటరు పెట్టాను. ఓల్టేజి 158.

230 రావాల్సిన చోట 158. ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, వినబడుతోంది. పక్క అపార్ట్‌మెంట్లో, ఆ పక్కదాంట్లో, సందు పొడుగునా ఏడు మోటార్లకు ఏడుగురు పరుగెత్తి ఒకేసారి బటన్ నొక్కుతున్నారు. కోత మొదలైనప్పటి నుంచి రోజూ ఇంతే. ఎవరి ట్యాంకు ముందు నిండితే వాళ్ళు గెలిచినట్టు.

టాంగ్ వైరు చుట్టూ వేసి నొక్కమన్నాను. మోటారు మూలిగింది. 31. అంకె దిగలేదు. 31, 31. అండాలమ్మ నన్ను పక్కకు జరిపి ఎర్ర బటన్ కొట్టింది.

"ఇంకో నిమిషం ఉంచితే తీగ కాలుతది. తిరగనీకె బలం చాలుతలేదు దానికి."

కాసేపు ఆగుదామంది. పద్నాలుగు మంది సెల్లార్‌లో స్కూటర్ల మధ్య ఊరికే నిలబడ్డాం. సందులో ఒక్కో మోటారూ ఆగుతున్న చప్పుడు. ఓల్టేజి 170. 181. 196. ఇరవై నిమిషాలకు 205 దగ్గర నిలబడింది. నా చేయి తడిసిపోయింది, చీరకొంగుతో దాన్ని తుడిచింది ఆమే.

నొక్కారు.

అంకె నలభైకి ఎగిరింది. నాన్న మెట్టు దిగారు. రెప్ప వేసే లోపే అది జారింది, ఇరవై, పదమూడు, పది, తొమ్మిది. తొమ్మిది మీద ఆగిపోయింది. పైపులోంచి నీళ్ళు ఎక్కుతున్న చప్పుడు, నిండుగా, గోడలోపల. నూటయాభై అడుగుల కింద, ఎవరికీ కనబడని చోట, అరవై నాలుగు అరవై నాలుగుగా ఎవరో దువ్వినట్టు చుట్టిన రాగి తిరగడం మొదలెట్టి, తన మీదికి వచ్చేదాన్ని తానే అడ్డుకుని, కావాల్సినంతే లోపలికి రానిచ్చింది. దేవాలయంలో కూడా నాకు ఒళ్ళు ఇలా జలదరించలేదు.

భానుమూర్తి గారు కళ్ళద్దాలు సర్దుకుని వంగి, చిన్నపిల్లాడు ఎక్కం చదివినట్టు పైకి చదివారు. "తొమ్మిది."

205 భాగించు 9. ఇరవై మూడు ఓములు, దాదాపు. 2.3 కాదు, దానికి పదింతలు. 205ని 9తో హెచ్చవేస్తే 1845, అందులో నిజంగా పనికి వెళ్ళేది ఇంకాస్త తక్కువ. ఒకటిన్నర హార్స్ పవర్ బోరు మోటారు తినాల్సినంతే. ఇదంతా గోడ మీద సుద్దతో రాసి చూపించాను. నేను మొదట వేసిన లెక్క తప్పని, మోటారు ఆగి ఉన్నప్పుడు కొలిచి నడుస్తున్నట్టు రాశానని, చుట్లు సరిగ్గానే ఉన్నాయని అన్నాను.

అండాలమ్మ కాగితం చూపించమంది. ఇన్నాళ్ళూ ఆమె దాన్ని చూడలేదు. ఏడో తరగతి దాకా చదివిందట. వెలుతురుకు పట్టుకుని పై నుంచి కింది దాకా చదివింది. ఒక చోట ఆగి, ఆ మాటను మళ్ళీ, అక్షరం అక్షరం పైకి చదివింది.

"ఉద్దేశపూర్వకంగా. గీ మాట ఎవలు రాసిన్రు?"

భానుమూర్తి గారు పైపు కేసి చూస్తున్నారు. నేను రాయలేదని అంటే అబద్ధం కాదు. అక్షరాలు వేరుగా ఉన్నాయి, సిరా కూడా వేరు, ఎవరైనా చూడొచ్చు.

"కింద నా పేరుందక్కా" అన్నాను. "రాస్తుంటే చూసి ఊరుకున్నాను. నాదే."

ఆమె నన్ను తిట్టలేదు. పర్వాలేదని కూడా అనలేదు. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, టాంగ్ తీసుకుని మెట్లెక్కింది. చివరి మెట్టు దగ్గర నాన్న పక్కకు తప్పుకుని దారిచ్చారు, రెండు చేతులూ ముందు కట్టుకుని, ఆఫీసులో పెద్దవాళ్ళు వచ్చినప్పుడు నిలబడేలా.

3 అక్టోబర్

వేరే షాపువాళ్ళను రావద్దన్నారు. కొత్త కాగితం రాశాను. నాన్న సెక్రటరీ ముద్ర వేశారు, అడగకుండానే. కరెంటొచ్చాక అరగంట ఎవరూ మోటారు వేయకూడదని భానుమూర్తి గారు స్టార్టర్ డబ్బాకు అట్టముక్క కట్టారు. నాతో మాట్లాడటం లేదు.

4 అక్టోబర్

మూడు అపార్ట్‌మెంట్లకు వెళ్ళాను. రెండింట్లో కాగితం తీసుకుని టీ ఇచ్చారు. మూడోదాంట్లో గుమ్మంలోనే నిలబెట్టి, అమ్మాయివి, నీకెందుకమ్మా ఈ గొడవలన్నీ అన్నారు. పాత కాగితం ఇచ్చినప్పుడు ఆ మాట ఎవరూ అనలేదు. కాగితం తలుపు సందులోంచి లోపలికి తోసి వచ్చాను.

8 అక్టోబర్

దసరా అయింది. ఇంకో మూడు. ఒకరు చదవకుండానే నమ్మారు, ఒకరు చదివి నమ్మలేదు, ఒకరు ఇంట్లో లేరు, వాళ్ళమ్మాయికి ఇచ్చాను.

11 అక్టోబర్, మంగళవారం

చివరిది సూర్యప్రభ గారిది, సందు మొదట్లో. ఆవిడ కూడా సెక్రటరీ, రిటైరైన లెక్కల టీచరు, వాళ్ళది ఏలూరు. రెండు కాగితాలూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టించారు. రెండింటి కిందా సంతకాలు చూశారు.

"ఇదీ నీదే, అదీ నీదే. ఏది నమ్మమంటావు?"

రెండూ నమ్మొద్దన్నాను. సంచిలోంచి టాంగ్ తీశాను. భిక్షపతి దగ్గర అడిగి తెచ్చుకున్నాను, ఇంకా నాతో ఎక్కువ మాట్లాడడు గానీ అడిగితే ఇచ్చాడు. వాళ్ళ మోటారు కూడా ఆయన చుట్టించిందే, మూడేళ్ళ కిందట. ముందు ఆగి ఉన్నప్పుడు కొలిచాను, నా పాత తప్పుతోనే. 2.5. లెక్క ఆవిడ చేత వేయించాను. తొంభై రెండు ఆంపియర్లు. ఆవిడ కనుబొమలు ఎత్తారు. తర్వాత బటన్ నొక్కి, టాంగ్ ఆవిడ చేతికే ఇచ్చాను.

ఎగిరి, జారి, నిలబడింది. ఎనిమిది చిల్లర.

ఆవిడ ఆపించి, మళ్ళీ వేయించారు. మళ్ళీ అదే. మూడోసారి వేయించారు, కారణం లేకుండా, చూడటానికే. ముప్పై అయిదేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, టాంగ్ మీది అంకె కిందికి దిగుతుంటే చూపుడువేలితో దాన్ని గాల్లో అనుసరించారు. "ఎంత బాగుందో" అన్నారు, నాతో కాదు.

పైకొచ్చాక పాత కాగితం చింపలేదు. కొత్తదానితో కలిపి పిన్ను కొట్టి ఫైల్లో పెట్టారు, రెండూ ఉండాలన్నారు. నేను సరేనన్నాను. తర్వాత డైరీలో నంబరు వెతికి ఫోన్ చేశారు.

"భిక్షపతీ, నేనయ్యా, సూర్యప్రభని. మా సంపులో చిన్న మోటారు చప్పుడు చేస్తోంది. రేపొచ్చి చూడు."

అటువైపు ఆయన ఏమన్నాడో నాకు వినబడలేదు. వెనక చాలా చప్పుడుగా ఉంది, ఎవరో ఏదో సుత్తితో కొడుతున్నారు. ఆవిడ కాసేపు విన్నారు.

"సరేలే, అంత పనుంటే ఎల్లుండే రా" అన్నారు.

ఎల్లుండి. అంటే రేపు ఆయనకు తీరిక లేదు.